ప్రామాణిక గుప్పెడు

తూచనిదేదీ లోకంలో లేనట్టేనని వీరంపేట తూనికలు, కొలతల కార్యాలయం గట్టిగా నమ్ముతుంది. అక్కడి గోడగడియారం కూడా శాఖవారి ముద్ర పడినదే. ముద్ర పడిన రోజునే అది ఆగిపోయింది. అయినా ధ్రువీకరించిన గడియారం గనక దాన్ని ముట్టుకునే సాహసం ఎవరూ చెయ్యరు. టైమెంతయిందో కావలసినవాళ్ళు ఎదురుగా ఉన్న టీకొట్టాయన్ని అడిగి తెలుసుకుంటారు. అలాంటి ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న హిమజకు ఒక జబ్బు వచ్చింది. జబ్బు వచ్చినందుకు ఆమె అంత ఇబ్బంది పడలేదు. అది నయమయ్యేదారిలో పడ్డాక, ఆ సంగతి ఆఫీసుకు తెలియడంతోనే అసలు ఇబ్బంది మొదలైంది.

జబ్బు పేరు పీసీఓఎస్. నెలసరి నెలల తరబడి రావడం మానేసింది. ఒళ్ళు చెప్పకుండా బరువెక్కింది. గడ్డం కింద నాలుగు వెంట్రుకలు మొలిచాయి. ఊళ్ళో ఆడవాళ్ళ డాక్టరు వైదేహిగారు పరీక్షలన్నీ చేయించి, కళ్ళజోడు తీసి, స్థిమితంగా చెప్పింది.

"మాత్రలు రాస్తాను గానీ, సగం మందు నీ కంచంలోనే ఉందమ్మా. కంచంలో సగం కూరలుండాలి. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులో గుప్పెడు అన్నం. తీపి తగ్గించు. వేళకు తిను. రోజూ కాసేపు నడువు. ఇది ఒక్కసారిగా పోయే జబ్బు కాదు, బుజ్జగిస్తే మాట వినే జబ్బు."

చెప్పడం తేలికే. పొద్దున్నే బస్సు పట్టుకోవలసిన మనిషి రోజూ ఇన్ని రకాలు ఎక్కడ వండుతుంది? ఆ చిక్కు రికార్డు గదిలో తీరిపోయింది. అక్కడ ఒంటిగంటకు ముగ్గురు ఆడవాళ్ళు కేరేజీలు విప్పుతారు. సీనియర్ అసిస్టెంటు సరోజినిగారు ఆకుకూర పప్పు లేకుండా రారు. కొత్తగా చేరిన షమీమ్ ఇంటినుంచి కోడిగుడ్డు పులుసో చేపల పులుసో వస్తుంది. హిమజ చిక్కుడుకాయో బీరకాయో వండుకొస్తుంది. మూడు కేరేజీలూ మధ్యలో పెట్టుకుని, ఒకరి కూర ఒకరు వేసుకుంటూ, పై అధికారుల మీద నాలుగు మాటలు నంజుకుంటూ తినేవాళ్ళు. కంచంలో అన్ని కూరలు పడ్డాక అన్నానికి చోటెక్కడిది? తగ్గించానన్న బాధ లేకుండానే తగ్గిపోయింది. సాయంత్రం రెండు స్టాపుల ముందే బస్సు దిగి ఇంటికి నడిచేది. కొన్ని నెలలకు నెలసరి తనంతట తాను వచ్చింది. మరుసటి నెలా వచ్చింది. హిమజ ఆ సంగతి షమీమ్ చెవిలో చెబితే, ఇద్దరూ పాత ఫైళ్ళ వెనక చేరి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

అంతా బాగానే ఉండేది, సహాయ కంట్రోలరు విశ్వేశ్వరంగారు తాతగారు కాకపోయి ఉంటే. మనవడు పుట్టాడని ఆయన ఆఫీసంతా పూతరేకులు పంచారు. హిమజ సగం తుంచుకుని, "డాక్టరుగారు తీపి తగ్గించమన్నారండి, పీసీఓఎస్ ఉంది" అని మర్యాదగా చెప్పింది. ఆ వారంలోనే ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ దిగింది. ప్రతి కార్యాలయమూ పీసీఓఎస్ ఉన్న ఒక మహిళా ఉద్యోగిని గుర్తించి, ఆహార నియమాల ద్వారా సదరు వ్యాధిని అదుపులోకి తెచ్చి, ప్రగతిని నివేదించవలెనని అందులో ఉంది.

విశ్వేశ్వరంగారు హిమజను పిలిపించారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది.

"చూడమ్మా, ఇందుమూలంగా నేను మిక్కిలి సంతోషిస్తున్నాను. పక్క జిల్లాలవాళ్ళు లబ్ధిదారు దొరక్క నానా తంటాలూ పడుతున్నారు. మనకు మాత్రం తయారుగా ఉన్నావు."

"నాకు బాగానే ఉందండి సార్. డాక్టరుగారు చెప్పినట్టు తింటున్నాను. తగ్గుతోందండి."

ఆయన మొహం చిన్నబోయింది. "ఎవరి అనుమతితో తగ్గుతోంది? పథకం ప్రారంభం కాకమునుపే తగ్గితే దాన్ని ఏ పద్దు కింద చూపించమంటావు? తగ్గినది చాలు. ఇకమీదట తగ్గబోయేదంతా పథకం కిందికి వస్తుంది."

మర్నాటి నుంచి పథకం అమల్లోకి వచ్చింది. అమలు చేసే బాధ్యత ఇనస్పెక్టరు తాతారావుది. తాతారావు మంచివాడు. చట్టం తప్ప వేరే వ్యసనం లేదు. తన పెళ్ళిలో తలంబ్రాలు రెండు పళ్ళేల్లోనూ సమానంగా ఉన్నాయో లేదో తూపించాకే దోసిలి పట్టిన మనిషని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒంటిగంటకు సరిగ్గా ఆయన తక్కెడ పట్టుకుని రికార్డు గదికి వచ్చాడు.

"హిమజగారూ, మూత తియ్యకండి. ముందు తూచాలండి."

తూచడానికి ముందు తక్కెడను పరీక్షించాలి. దానికి రాళ్ళు కావాలి. రాళ్ళ మీద ముద్ర ఈ ఏటిదో కాదో చూడాలి. చూస్తే కిందటేటిది. ముద్ర లేని రాయితో తూస్తే తూచినవాడిమీద కేసు. తనమీద తానే కేసు రాసుకోవడానికి తాతారావు సిద్ధపడ్డాడు గానీ, విశ్వేశ్వరంగారు వారించి కొత్త రాళ్ళు తెప్పించారు. హిమజ నోట్లో ముద్ద పడేసరికి టీకొట్టాయన సాయంత్రం బజ్జీలకు మూకుడు పెట్టేశాడు.

సరోజినిగారికి ఒళ్ళు మండింది. "ఇదిగో తాతారావుగారూ, పిల్ల వేళకు తినాలని కదండీ డాక్టరమ్మ చెప్పింది?"

"వేళ గురించి సర్క్యులర్‌లో లేదండి. పరిమాణం గురించే ఉంది" అన్నాడు తాతారావు వినయంగా.

రెండోరోజు మరో ఉపద్రవం వచ్చిపడింది. షమీమ్ తన చేపల పులుసు గరిటెతో హిమజ కంచంలోకి వంపబోతుంటే తాతారావు చెయ్యి అడ్డం పెట్టాడు. కట్టిన సరుకును విప్పి వేరే పాత్రలోకి మార్చడం మళ్ళీ ప్యాకింగు చెయ్యడం కిందికి వస్తుంది. అలా మార్చిన సరుకు మీద తయారుచేసినవారి పేరు, కట్టిన తేదీ, నికర బరువు, గరిష్ఠ ధర ఉండాలి. కనక కేరేజీలన్నిటికీ చీటీలు అంటించాలని ఉత్తర్వు వచ్చింది. షమీమ్ చీటీ మీద తయారీదారు పేరుచోట "మా అత్తగారు" అని రాసింది. ధర దగ్గర ఆగిపోయింది.

"మా అత్తగారు వండినదానికి ధర ఎంత వెయ్యమంటారండి? తక్కువేస్తే ఆవిడూరుకోదు. ఎక్కువేస్తే మా ఆయన రోజూ దెప్పుతాడు."

ధర లేని పులుసు చెలామణిలో ఉండరాదు. చివరికి ముగ్గురినీ మూడు మూలల్లో కూర్చోబెట్టి, ఎవరి కేరేజీ వాళ్ళే తినాలన్నారు. మూడిళ్ళ వంటలు తిన్న నాలుకకు ఒక్క చిక్కుడుకాయతో ముద్ద దిగుతుందా? హిమజ తల వంచుకుని నమిలింది. ఆకలికన్నా, ఎదురుగా మాట్లాడే మనిషి లేకపోవడమే ఎక్కువ బాధగా ఉందామెకు.

అప్పటికైనా ఆగి ఉంటే ఇది కథ అయ్యేది కాదు. డాక్టరుగారి సలహాను అధికారికంగా నమోదు చేస్తూ విశ్వేశ్వరంగారు "గుప్పెడు" దగ్గర కలం ఎత్తేశారు.

"గుప్పెడు అనగానేమి?"

సోలలు, తవ్వలు, మానికలు రద్దయి తరాలు గడిచాయి. గుప్పెడు రద్దయిన దాఖలా లేదు, అమల్లో ఉన్న దాఖలా అంతకన్నా లేదు. దొంగకొలతలను ఊరినుంచి తరిమికొట్టిన శాఖ, తన సొంత గదిలో నిర్వచనం లేని కొలతతో అన్నం పెట్టిస్తే పరువు నిలుస్తుందా? ప్రామాణిక గుప్పెడును నిర్ణయించేందుకు కమిటీ వేశారు. కమిటీ సమావేశం మధ్యాహ్నం ఒంటిగంటకు. లబ్ధిదారు హాజరు తప్పనిసరి.

"ఎందుకండి ఇదంతా? నా గుప్పెడు కొలుచుకోండి సార్. తినేది నేనే కదండి" అంది హిమజ, పిడికిలి బిగించి చూపిస్తూ.

"తప్పు. లబ్ధి పొందేవారి చేతితో లబ్ధిని కొలవరాదు. రేపు నువ్వు వేళ్ళు కాస్త వదులు చేస్తే ఎవరు జవాబుదారీ? ప్రామాణికం అనేది బాధ్యతగల చెయ్యి అయి ఉండాలి."

ఆఫీసులో బాధ్యతగల చెయ్యి ఎవరిదో చెప్పడానికి చర్చ అక్కర్లేకపోయింది. బకెట్టు నిండా నీళ్ళు పెట్టి, విశ్వేశ్వరంగారి కుడి పిడికిలిని మణికట్టుదాకా ముంచి, పొర్లిన నీళ్ళను కొలిచారు. ఆయనది ఆజానుబాహు విగ్రహం. దానికి తోడు వేళ్ళకు పుష్యరాగం, పగడం, కెంపు ఉంగరాలు. ఉంగరాలు తీసి ముంచండి సార్ అనడానికి ఎవరికి గుండె ధైర్యం ఉంది? వాటితో సహా కొలిచి, ఆ కొలతకు ఇత్తడి గిన్నె పోత పోయించి, అడుగున ముద్ర కొట్టి, అద్దాల బీరువాలో పెట్టారు. రోజూ ఆయన సంతకంతో బీరువా తాళం తెరిచి, గిన్నె నిండా అన్నం కొట్టి, హిమజ కంచంలో బోర్లించేవారు. దేవుడి నైవేద్యం కూడా అంత శ్రద్ధగా పెట్టరు.

ఆ గిన్నెడంటే ఆమె గుప్పెళ్ళకు రెండున్నర. కంచంలో కూరకు చోటు లేకుండా పోయింది.

"ఇంత తినలేనండి."

"ప్రామాణికం తినాలి. మిగిల్చితే తక్కువ తూకం కిందికి వస్తుందండి" అన్నాడు తాతారావు.

నడక కూడా పథకంలోకి వచ్చేసింది. బస్సు దిగి ఇష్టంగా నడిచే పిల్లను ఆఫీసు ఆవరణలో నడవమన్నారు. వెనకాల తాతారావు ఉక్కు టేపు పట్టుకుని నడిచేవాడు. టేపు ముడి పడ్డప్పుడల్లా మళ్ళీ గేటు దగ్గరనుంచి మొదలు. గేటు బయట జనం గుమిగూడి, ఆ పిల్ల ఏ స్థలమో కొంటోందని ధర వాకబు చేశారు.

ఆ నెల హిమజకు నెలసరి రాలేదు. మరుసటి నెలా రాలేదు. అద్దంలో చూసుకుంటే గడ్డం కింద వెంట్రుకలు చుట్టపుచూపుగా వచ్చి పీట వేసుక్కూర్చున్నట్టు కనిపించాయి. నెలలపాటు ఓపిగ్గా కూడగట్టుకున్నదంతా ఇంతమంది పెద్దమనుషులు కలిసి చెడగొట్టారని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, డాక్టరు దగ్గరకు వెళ్ళింది.

వైదేహిగారు కథంతా విని ముందు పడీపడీ నవ్వింది. తరవాత రిపోర్టులు చూసి నవ్వు మానేసింది.

"గుప్పెడంటే నీ గుప్పెడేనమ్మా. ఎవరి ఒంటికి తగిన కొలత వాళ్ళ చేతిలోనే ఉంటుందని అలా చెబుతాం. మీ ఆఫీసరు పిడికిలి నీ కంచంలోకి ఎలా వచ్చింది?"

"బీరువాలోంచి వచ్చిందండి."

"పోయినదేమీ లేదు, మళ్ళీ దారిలో పడుతుంది. కానీ ఆ గిన్నె మాత్రం నీ కంచం దగ్గరికి రాకూడదు. ఎలా చేస్తావో నీ ఇష్టం."

ఎలా చెయ్యాలో హిమజకు దారిలో తట్టింది. ఆ ఆఫీసుకు వచ్చే ఫిర్యాదులన్నీ టైపు చేసేది ఆమే. కల్తీ కాటా, గుల్ల రాయి, సొట్ట లీటరు, వీటి మీద చట్టం ఏమంటుందో ఆమెకు నోటికి వచ్చు.

ఆ వారంలో ప్రధాన కార్యాలయం నుంచి జాయింట్ కంట్రోలరు త్రిపురసుందరిగారు పథకం చూడ్డానికి వచ్చారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఇత్తడి గిన్నెకు పసుపూ కుంకుమా పెట్టారు. విశ్వేశ్వరంగారు గొంతు సవరించుకున్నారు.

"గౌరవనీయులైన మేడమ్‌గారికి మనవి. దేశంలోనే ప్రప్రథమంగా గుప్పెడును నిర్వచించిన ఘనత ఈ కార్యాలయానిది. తదుపరి చిటికెడు కూడా మా పరిశీలనలో ఉంది."

అన్నం కొట్టి కంచంలో బోర్లించారు. మేడమ్‌గారు మెచ్చుకోబోతుండగా హిమజ లేచి నిలబడింది.

"మేడమ్, ఒక వినియోగదారుగా ఫిర్యాదు చేస్తున్నానండి. గుప్పెడని చెప్పి నాకు ఇస్తున్నది గుప్పెడు కాదండి."

ఫిర్యాదు అన్న మాట చెవిన పడగానే తాతారావు నిటారుగా అయ్యాడు. ఇన్నాళ్ళూ పైవాళ్ళ మాట విన్నాడు గానీ ఆయన ప్రాణం చట్టంలో ఉంది. ఎవరూ చెప్పకుండానే బకెట్టు తెచ్చి నీళ్ళు నింపాడు. హిమజ పిడికిలి ముంచింది. పొర్లిన నీళ్ళు కొలిచి, గిన్నెతో పోల్చి, ఆయన గంభీరంగా ప్రకటించాడు.

"కొలత తప్పండి."

"ఎంత తక్కువిచ్చారు?" అని అడిగారు మేడమ్.

"తక్కువ కాదండి. ఎక్కువిచ్చారు."

తక్కువ తూచారని నెత్తీనోరూ కొట్టుకున్నవాళ్ళను ఆ శాఖ వేలల్లో చూసింది. ఎక్కువ తూచారని మొత్తుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు. మేడమ్ చట్టం పుస్తకం తెప్పించారు. కొలత అటు తప్పినా ఇటు తప్పినా దొంగకొలతేనని అందులో ఉంది.

తాతారావు గిన్నెను గుడ్డసంచిలో పెట్టి, పురికొస చుట్టి, సీసం ముద్ర వేశాడు. వేసి, మరో సంచి తీశాడు.

"దొంగకొలతకు మూలమైన నమూనాను కూడా స్వాధీనం చేసుకోవాలండి."

అందరి చూపులూ విశ్వేశ్వరంగారి కుడిచేతి మీద పడ్డాయి. ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నారు.

"తాతారావూ, ఇది నా చెయ్యి."

"మీ చెయ్యేనండి, కాదన్నదెవరు? కాకపోతే ప్రస్తుతానికి సాక్ష్యమండి. పిడికిలి బిగించండి సార్. నమూనా చెదరకూడదు."

కాదంటే విధులకు ఆటంకం. ఇరవయ్యేళ్ళుగా ఇతరులకు చదివి వినిపించిన సెక్షన్లన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయి. చెయ్యి చాచారు. ఉంగరాలతో సహా పిడికిలిని సంచిలో పెట్టి, మణికట్టు దగ్గర పురికొస బిగించి, ముద్ర వేశాడు తాతారావు. మేడమ్ సాక్షి సంతకం చేశారు. ఆ ముద్ర తీయాలంటే ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు మీద సంతకం పెట్టవలసింది విశ్వేశ్వరంగారు.

ఆయన సంతకం లేదు గనక ఇంకో గిన్నె పోయించడానికి లేదు, తక్కెడ బయటికి తీయడానికి లేదు, ఆడవాళ్ళు మూలల్లోనే కూర్చోవాలన్న ఉత్తర్వును పొడిగించడానికీ లేదు. సరోజినిగారు చాప పరిచారు.

"రావే పిల్లా. ఒంటిగంటయింది. టీకొట్టాయన్ని అడిగే వచ్చాను."

మూడు కేరేజీలూ మధ్యలోకి వచ్చాయి. మేడమ్‌గారు గుమ్మందాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, తన బ్యాగులోంచి నాలుగో కేరేజీ తీశారు. కాకరకాయ వేపుడు, పెసరపప్పు. హిమజ పక్కన చతికిలబడి, తన గుప్పెడు అన్నం తానే పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నారు.

"నాకూ ఉందమ్మా. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ. ఎవరికీ చెప్పలేదు."

"మరి ఈ సర్క్యులర్ మీరే కదండీ పంపారు?"

"పైనుంచి వచ్చింది, కిందికి పంపాను. పైవాళ్ళకి ఇంకా పైనుంచి వచ్చిందట." ఆవిడ తోటకూర పప్పు వేసుకున్నారు. "నా పేరు రాయాల్సొస్తుందేమోనని మాత్రం వారం రోజులు నిద్రపట్టలేదు. పాపం నువ్వు దొరికావు."

హిమజకు ఆవిడ మీద కోపం రావాలి. రాలేదు. చిక్కుడుకాయ కూర ఆవిడ వైపు జరిపింది.

విశ్వేశ్వరంగారు మాత్రం గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆకలి మొహం మీద కనిపిస్తోంది. కుడిచెయ్యి సంచిలో ఉంది. ఎడంచేత్తో తినే అలవాటు వాళ్ళ వంశంలో లేదు. సరోజినిగారు ఆయన్ని పైనుంచి కిందికి చూసి నిట్టూర్చి, పప్పన్నంలో నెయ్యి చుక్క వేసి కలిపి ముద్ద చేశారు.

"రండి సార్, కూర్చోండి. నోరు తెరవండి."

ఆయన సిగ్గుపడుతూనే తెరిచారు. రెండో ముద్దకు తానే ముందుకు వంగారు. మూడో ముద్దకు షమీమ్ ఇంటి పులుసు ధర వెయ్యకుండానే తినేశారు. ముద్ర విప్పే ఉత్తర్వు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చేదాకా రోజూ ఆ చాప మీదే ఆయన భోజనం. ఆ కాసిని రోజుల్లోనే నడుం దగ్గర ప్యాంటు వదులైందని ఆయన ఎవరికీ చెప్పకుండా సంతోషపడ్డారు.

ఉత్తర్వుతోపాటు పథకాన్ని ముగించి తుది నివేదిక పంపమన్న ఆదేశం కూడా వచ్చింది. ఆ నివేదిక సంగతి తేలడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఈలోగా హిమజ ఒంటిగంటకే తింది, బస్సు ముందే దిగి నడిచింది. ఒకనాటి పొద్దున్న విశ్వేశ్వరంగారు ఆమెను పిలిచి, నివేదిక చెబుతూ టైపు చెయ్యమన్నారు.

"సదరు పథకం ద్వారా లబ్ధిదారు ఆరోగ్యంలో..."

ఆ మాట టైపు చేస్తుండగానే హిమజకు నడుం దగ్గర మెల్లిగా, పాత పరిచయంలా, నొప్పి మొదలైంది. ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి. అదేనని ఆమెకు తెలిసిపోయింది. నడుంనొప్పికి అంతగా వెలిగిపోయిన మొహాన్ని ఆ ఆఫీసు ఇంతవరకు చూడలేదు.

"ఏమ్మా, ఆగావేం?"

"ఏం లేదండి. చెప్పండి సార్."

"ఆరోగ్యంలో ఎట్టి ప్రగతీ కానరానందున, పథకం విఫలమైనదని తెలియపరచడమైనది." ఆయన దిగులుగా ఊపిరి వదిలారు. "ఏం చేస్తాం? ఇంత కష్టపడ్డా ఫలితం లేకపోయింది."

పథకం ద్వారా ప్రగతి లేదన్నది అక్షరాలా నిజమే గనక, హిమజ ఆ వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా టైపు చేసి సంతకానికి పెట్టింది. తరవాత షమీమ్‌ను వెతుక్కుంటూ పాత ఫైళ్ళ గదివైపు పరిగెత్తింది.